గానుగ నూనెనా, ప్యాకెట్ నూనెనా? కొనే ముందు వేసుకోవాల్సిన లెక్క

ఒకటో తారీకు కిరాణా లిస్టులో మొదట రాసేది బియ్యం, రెండోది నూనె. బియ్యం దగ్గర మా ఇంట్లో పేచీ లేదు, ఏ బియ్యమో ఎప్పుడో ఖాయమైపోయింది. నూనె దగ్గరే గొడవంతా. అత్తయ్యది గోదావరి జిల్లా. ఆవిడ లెక్కలో పప్పునూనె, అంటే నువ్వుల నూనె తప్ప మిగతావి నూనెలే కావు. నాది అనంతపురం. శెనక్కాయ (పల్లీ) నూనెలో ఆవాలు చిటపటలాడుతున్నప్పుడు వచ్చే ఆ వాసన లేకపోతే కూర వండినట్టే అనిపించదు. మా ఆయనకి ఈ రెండూ పట్టవు. డబ్బా మీద గుండె బొమ్మ ఉంటే చాలు, తెచ్చేస్తారు.

మేం హైదరాబాద్ వచ్చిన కొత్తలో ఆయనే గెలిచారు. చాలా ఏళ్లు సన్‌ఫ్లవరే వాడాం. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక దాని ధర చుక్కలు చూపించింది. మన దేశానికి వచ్చే సన్‌ఫ్లవర్ నూనెలో పెద్ద వాటా అప్పట్లో ఉక్రెయిన్ నుంచే వచ్చేది. ఎక్కడో బాంబులు పడితే మా వంటింట్లో పోపు మారిపోయింది. అప్పటినుంచి ఒక్కో నూనె మార్చి చూస్తూ, లేబుళ్లు చదువుతూ, రెండు మూడుసార్లు మోసపోతూ తెలుసుకున్నదే ఇదంతా. ఉద్యోగాలు చేసుకుంటూ, పొద్దున ఏడున్నరకల్లా మూడు డబ్బాలు సర్దాల్సిన ఇల్లు మాది. రోజూ నూనె గురించి ఆలోచించే తీరిక లేదు. ఒకసారి కూర్చుని తేల్చేసుకుంటే ఏడాదంతా టెన్షన్ ఉండదు.

అసలు తేడా ఎక్కడుంది?

చాలామంది పోలికని రెండింటి మధ్యే పెడతారు: గానుగదా, రిఫైన్డా అని. నిజానికి మధ్యలో ఇంకొకటి ఉంది.

గానుగలో గింజల్ని మెల్లగా నలుపుతారు. పెద్దగా వేడి పుట్టదు కాబట్టి రంగు, వాసన, విటమిన్ ఇ చాలావరకు అలాగే ఉంటాయి. రిఫైన్డ్ నూనె దారి వేరు. గింజల్ని వేడి చేసి యంత్రాల్లో పిండుతారు, సోయా, తవుడు లాంటి వాటి నుంచైతే హెక్సేన్ అనే ద్రావకంతో లాగుతారు. తర్వాత జిగురు తీస్తారు, క్షారంతో ఆమ్లాలు తీస్తారు, రంగు తీస్తారు, చివర్లో 200 డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరి పట్టి వాసన కూడా తీసేస్తారు. హెక్సేన్ ఈ దశల్లోనే పోతుంది, మిగలగలిగిన దానికి చట్టంలో పరిమితి ఉంది. రిఫైన్డ్ నూనె అంటే ప్లాస్టిక్ తాగినట్టే అని తిరిగే మెసేజీల్ని పక్కన పెట్టండి. పోయేది పరిమళం, కొంత విటమిన్ ఇ, ఇంకొన్ని మంచి పదార్థాలు. కొవ్వు మాత్రం అదే కొవ్వు.

ఈ మాట ఇంకోసారి చెప్పాలి. గానుగలో ఆడించినా, ఫ్యాక్టరీలో శుద్ధి చేసినా శెనగనూనెలో ఏ రకం కొవ్వు ఎంత ఉండాలో గింజే నిర్ణయిస్తుంది. గ్రాముకి 9 కేలరీలు అక్కడా అంతే, ఇక్కడా అంతే. గానుగ నూనె లావు చేయదు అన్నది పచ్చి అబద్ధం.

ఇక మధ్యలోది: ఫిల్టర్డ్ నూనె. ఎక్స్‌పెల్లర్ అనే మిల్లు యంత్రంలో పిండి, వడగట్టి అమ్మేస్తారు. పిండేటప్పుడు గానుగ కంటే వేడెక్కుతుంది గానీ, ఆ రసాయన శుద్ధి ఉండదు. రాయలసీమలో మా చిన్నప్పటి నుంచి వాడిందంతా ఇదే. మిల్లుకి డబ్బా పట్టుకెళ్లి తెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు 'డబుల్ ఫిల్టర్డ్' అని ప్యాకెట్లలో వస్తోంది. వాసన ఉంటుంది, ధర గానుగ నూనె కంటే తక్కువ. ఉద్యోగాల ఇళ్లకి దీన్ని ఎవరూ ఎందుకు సిఫారసు చేయరో నాకర్థం కాదు. బహుశా దాని చుట్టూ కథ లేదు కాబట్టేమో.

గానుగ బోర్డు చూసి మురిసిపోయే ముందు

మా కాలనీలో ఒక షాపులో 'కట్టె గానుగ పల్లి నూనె, లీటరు 220' అని బోర్డు పెట్టారు. సంతోషంగా రెండు లీటర్లు తెచ్చాను. పోపులో వాసనే లేదు. అనుమానం వచ్చి, పక్కింటావిడా నేనూ కలిసి పది కిలోల పల్లీలు కొని వేరే గానుగకి వెళ్లి ఎదురుగా ఆడించుకున్నాం. అప్పుడు తెలిసింది అసలు లెక్క.

పల్లీలు కిలో 140 చొప్పున 1,400. ఆడించినందుకు కిలోకి 20 చొప్పున 200. వచ్చిన నూనె నాలుగున్నర లీటర్లు. చెక్క, అంటే నూనె పిండాక మిగిలే పిప్పి అయిదున్నర కిలోల దాకా మిగిలింది, దాన్ని గానుగాయనే కిలో 40కి తీసుకున్నాడు. అంటే 220 తిరిగొచ్చింది. మిగతా 1,380ని నాలుగున్నరతో భాగిస్తే లీటరు 300 దాటింది. అందులో షాపు అద్దె లేదు, సీసా ఖర్చు లేదు, లాభం లేదు. మరి 220కి ఆయన ఎలా ఇచ్చాడు?

పల్లీల ధర ఊరూరికీ, నెలనెలకీ మారుతుంది. పద్ధతి మాత్రం మారదు. పల్లీల్లో నూనె సగానికి కాస్త తక్కువ ఉంటుంది, గానుగలో ఒక లీటరుకి సుమారు 2.2 నుంచి 2.5 కిలోల గింజ పడుతుంది. మీ ఊళ్లో కిలో పల్లీల ధరని రెండుంపావుతో గుణించండి. గానుగ నూనె అంతకంటే బాగా చవగ్గా ఎవరైనా ఇస్తుంటే అందులో ఇంకేదో కలిసిందేమో అని అనుమానించండి.

ఫ్రిజ్ పరీక్ష మాత్రం చేయకండి. నూనెని ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టింది, కాబట్టి అందులో పామాయిల్ ఉంది అని ఒక వీడియోలో చూసి, నేను గానుగాయనతో పోట్లాటకి దిగాను. ఆయన ఏమీ అనలేదు. "అక్కా, నీ ముందే ఆడిచ్చిన నూనె తీస్కపోయి పెట్టి చూడు" అన్నాడు. పెట్టాను. తెల్లారేసరికి గ్లాసులో నూనె మబ్బు పట్టి, చిక్కగా, గరిటె ఆడనట్టు ఉంది. స్వచ్ఛమైన శెనగనూనె కూడా ఆ చలికి అలాగే పేరుకుంటుందట. పామాయిల్ నుంచి తీసే పామోలిన్ కూడా పేరుకుంటుంది. ఇక పరీక్ష దేనికి? మర్నాడు వెళ్లి సారీ చెప్పి, ఇంకో లీటరు కొనుక్కొచ్చాను.

గానుగ నూనెలో అసలు జాగ్రత్త పడాల్సింది వేరే ఉంది, దాని గురించి షాపుల్లో ఎవరూ మాట్లాడరు. వేరుశనగకి తేమ తగిలి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది కాలేయానికి చెడ్డది. రిఫైనింగ్‌లో క్షారంతో కడిగేటప్పుడు అది చాలావరకు పోతుంది. గానుగలో కడగడం అనేదే లేదు, గింజలో ఉన్నది కొంత నూనెలోకి దిగుతుంది. అందుకని గానుగ నూనె నాణ్యత అంటే గింజ నాణ్యతే. ముడుచుకున్నవి, నల్లబడ్డవి, ముక్కవాసన వచ్చేవి ఏరకుండా గానుగలో పోసే చోట కొనకండి. షాపులో పల్లీల బస్తా ఎక్కడుందో చూడండి. ఒక గుప్పెడు తీసుకుని నాలుగు నమలండి. చేదు తగిలితే వెనక్కి వచ్చేయండి. చూడనివ్వకపోతే ఇంకా తొందరగా వచ్చేయండి.

అంత ఓపిక, అంత నమ్మకమైన షాపు దగ్గర్లో లేకపోతే మంచి కంపెనీ రిఫైన్డ్ నూనె కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. ఎవరో ఏదో అంటారని గిల్టీగా ఫీలవ్వక్కర్లేదు.

ప్యాకెట్ కొంటే ఏం చదవాలి?

ముందు బరువు. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. షెల్ఫులో పక్కపక్కనే ఒకే సైజులా కనిపించే ప్యాకెట్లలో 850, 750 గ్రాములవీ ఉంటున్నాయి. 'ఆఫర్' అన్నది చాలాసార్లు అదే.

తర్వాత పేరు. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఆలివ్ అనో, నువ్వులనో ఉండి, ఇంకోచోట చిన్న అక్షరాల్లో 'మల్టీ సోర్స్ ఎడిబుల్ ఆయిల్' అని (ఇదివరకు 'బ్లెండెడ్ ఎడిబుల్ వెజిటబుల్ ఆయిల్' అనేవాళ్లు) ఉంటే అది కలిపిన నూనె. రెండు నూనెలు కలిపి అమ్మడం చట్టబద్ధమే, ఏది ఎంత శాతమో రాయాలి. ఆ శాతం చూస్తే ఆలివ్ ఇరవై, తవుడు నూనె ఎనభై అని తేలుతుంది. అది చెడ్డది కాదు, ధర మాత్రం ఆలివ్ ధర.

'కొలెస్ట్రాల్ లేదు' అన్న ముద్రకి డబ్బులు ఇవ్వకండి. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే వాటిలోనే ఉంటుంది. మీ బామ్మ వాడిన గానుగ నూనెలోనూ లేదు. '+F' గుర్తుకి మాత్రం అర్థం ఉంది, విటమిన్ ఎ, డి కలిపారని. ఎండ మొహం చూడకుండా ఆఫీసులో కూర్చునే మనకి అది ఎంతో కొంత మేలే.

ఏ పనికి ఏ నూనె

మా ఇంట్లో వాదన తెగింది ఇక్కడే. ఒకే నూనెతో అన్ని పనులూ చేయాలనుకోవడం వల్లే పేచీ.

రోజూ కూరకి, పోపుకి శెనగనూనె. గానుగదో, ఫిల్టర్డో. ఇందులో సగానికి దగ్గరగా మోనో అన్‌శాచురేటెడ్ (గుండెకి మంచిదనే రకం) కొవ్వు ఉంటుంది, సన్‌ఫ్లవర్ కంటే వేడికి బాగా ఓర్చుకుంటుంది. గానుగ నూనె మాత్రం రిఫైన్డ్ కంటే ముందే పొగ వస్తుంది, కాబట్టి మంట తగ్గించి ఆవాలు వేయాలి. కొత్తలో నురగ కూడా వస్తుంది, కంగారు పడకండి.

గారెలు, బజ్జీలు, పండగ అరిసెలకి గానుగ నూనె మూకుట్లో పోయడం డబ్బు దండగ. ఆ వేడికి మీరు ఎక్కువ డబ్బు పెట్టి కొన్న మంచి గుణాలు ఎటూ మిగలవు. రిఫైన్డ్ శెనగనూనె గానీ తవుడు నూనె గానీ దానికి సరిపోతాయి. సన్‌ఫ్లవర్, కుసుమ నూనెల్లో లినోలిక్ ఆమ్లం అనే, వేడికి ఓర్చుకోలేని కొవ్వు చాలా ఎక్కువ, ఎక్కువసేపు కాగితే తొందరగా పాడవుతాయి, వేపుళ్లకి అవి వద్దు. వేయించగా మిగిలిన నూనెని వడకట్టి ఒకటి రెండు రోజుల్లోనే కూరల పోపుకి వాడేయండి. మళ్లీ మూకుట్లో పోయకండి. హోటళ్లకైతే నూనె ఎంత చెడేవరకు వాడొచ్చో చట్టం కొలత పెట్టింది, నూనె కాగేకొద్దీ పెరిగే పాడు పదార్థాలు (పోలార్ కాంపౌండ్స్) 25 శాతం దాటకూడదని 2018 నుంచి నియమం. దాన్ని కొలిచే మీటరు మనింట్లో లేదు. రంగు ముదిరి, జిగురుగా మారి, గిన్నె అంచున పసుపు పట్టులా అంటుకుంటే అయిపోయిందని అర్థం.

ఆవకాయకి, కారప్పొడిలోకి, ఇడ్లీ పొడి మీదకి పప్పునూనె. ఈ విషయంలో అత్తయ్యదే గెలుపు. నువ్వుల నూనెలో సెసామిన్, సెసామోల్ లాంటివి సహజంగానే ఉండి, నూనె కమురు పట్టకుండా కాపాడతాయి. ఏడాది నిలవుండే పచ్చడికి మన పెద్దవాళ్లు దాన్ని ఎంచుకోవడం ఊరికే కాదు. రెండేళ్ల కిందట నేను తెలివితేటలకి పోయి రిఫైన్డ్ సన్‌ఫ్లవర్‌తో ఆవకాయ కలిపాను. దసరా నాటికే ఊట మీద కమురు వాసన. జాడీ కడుగుతూ అత్తయ్య ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది.

మిగతావి రెండు ముక్కల్లో. తవుడు నూనెలో ఒరిజనాల్ అనే మంచి పదార్థం ఉంటుంది, మూడు రకాల కొవ్వుల (శాచురేటెడ్, మోనో, పాలీ) పాళ్లు ఫర్వాలేదు, వాసన లేదు, గానుగలో మాత్రం రాదు. పామోలిన్ రేషన్ రోజుల నుంచీ మనకి తెలిసిందే. వేపుళ్లకి గట్టిగా నిలుస్తుంది గానీ శాచురేటెడ్ కొవ్వు (ఎక్కువైతే గుండెకి మంచిది కాని రకం) 40 శాతం పైనే, రోజువారీ కూరకి వద్దు. ఇంట్లో వండకపోయినా బిస్కట్లు, చిప్స్, స్వీట్‌షాపు మిక్చర్ రూపంలో ఎలాగూ తింటూనే ఉన్నాం. కొబ్బరినూనెలో శాచురేటెడ్ 90 శాతం దాకా. కోనసీమలో కొబ్బరిచెట్టు కింద పుట్టినవాళ్లే దాన్ని తలకి రాసుకుని కూరకి వేరేది వాడతారు, అదే మంచిది. అమెరికాలో ఉన్న మా చెల్లి ఆలివ్ నూనెతో పోపు వేయొచ్చా అని అడుగుతుంటుంది. వేయొచ్చు, కానీ ఎక్స్‌ట్రా వర్జిన్‌ది సలాడ్ మీద చల్లుకుంటేనే దాని రుచి దక్కుతుంది. పోపుకి అక్కడ చవగ్గా దొరికే కనోలా చాలు.

ఏడాదంతా ఒకే నూనెకి కట్టుబడొద్దని, రకాలు కలిపి వాడుకోమని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా చెబుతూ వస్తోంది. కలపడమంటే గిన్నెలో కలపడం కాదు. కూరకొకటి, పచ్చడికొకటి వాడినా చాలు, లేదా నెల మార్చి నెల.

ఎంత అన్నదే పెద్ద ప్రశ్న

ఇదంతా చదివి మంచి నూనె కొన్నాక జరిగే ప్రమాదం ఒకటుంది. మా ఇంట్లో జరిగింది. గానుగ నూనె మొదలుపెట్టిన నెల డబ్బా మీద మార్కర్‌తో తారీకు రాశాను. అప్పటిదాకా నెలకి అయిదు లీటర్లు అయ్యేది. ఆ నెల అయిదున్నర అయింది! ఆరోగ్యమైనదే కదా అని అందరి చేయీ వదులైంది. వంకాయ వేపుడులో నూనె తేలింది, దోసె చుట్టూ ఇంకో చెంచా పడింది.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకి 2,000 కేలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు అని ఉంది. నెలకి వేసుకుంటే 810 గ్రాములు, అంటే లీటరుకి ఓ పదో వంతు తక్కువ. మా నలుగురికీ మూడున్నర లీటర్లు. అందులోనే పప్పన్నంలో నెయ్యి, ఆదివారం బయట తిన్న బిర్యానీ, సాయంత్రం పునుగులు. కాబట్టి వంటింటి వాటా మూడు లీటర్లకి మించకూడదు. మేం వాడింది అయిదున్నర.

తగ్గించడానికి పెద్ద త్యాగాలేమీ చేయలేదు. నూనె డబ్బాని పొయ్యి పక్క నుంచి తీసేసి, మూడు లీటర్ల లెక్కలో వారానికి 700 మిల్లీలీటర్లు ఒక గాజుసీసాలో పోసి పెట్టాను. సీసా ఆదివారం దాకా రావాలి, అంతే. నూనె వంపడం మానేసి చెంచాతో కొలవడం మొదలుపెట్టాం. బెండకాయ, దొండకాయ వేపుళ్లని ముందు మూత పెట్టి ఆవిరి మీద మగ్గించి, చివర్లో నూనె వేసి వేయిస్తే సగంతో సరిపోయింది. బాగా పదునెక్కిన ఇనుప పెనం మీద దోసెకి అరచెంచా చాలు. మొదటి రెండు వారాలు గురువారానికే సీసా అయిపోయింది. మూడో వారం శనివారం రాత్రి దాకా వచ్చింది.

ఇప్పుడు ధర సంగతి చూడండి. రిఫైన్డ్ అయిదు లీటర్లు, లీటరు 170 అనుకుంటే 850. గానుగ నూనె మూడు లీటర్లు, మేం ఆడించుకున్న లెక్కలో 307 చొప్పున దాదాపు 920. డెబ్బై రూపాయల తేడా. గానుగ నూనె ఖరీదు ఎక్కువ, మనవల్ల కాదు అనుకునేవాళ్లు ముందు వాడకం కొలిచి చూడండి. వాడకం తగ్గించడం ఇప్పట్లో కుదరదు అనుకుంటే మాత్రం గానుగ నూనె మీద డబ్బు పెట్టకండి. రిఫైన్డ్ అయిదు లీటర్ల నుంచి నాలుగుకి దిగడం, గానుగ నూనె అయిదు లీటర్లు వాడటం కంటే మేలు.

మీ ఇంటికి ఏది?

వారాంతంలో ఒక గంట తీరిక, గింజలు చూపించే షాపు, ఇద్దరు ముగ్గురు పంచుకునే ఇరుగుపొరుగు ఉంటే ఎదురుగా ఆడించుకోండి. రెండు మూడు నెలలకి మించి నిలవ పెట్టొద్దు. నాలుగు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది, పైనది వంచుకుని స్టీలు డబ్బాలోనో రంగు సీసాలోనో పోసి చీకట్లో పెట్టండి. కొందరు ఎండలో పెట్టి తేరుస్తారు, వెలుతురు నూనెకి పడదు.

షాపు దూరం, తీరిక లేదు అనేవాళ్లకి ఫిల్టర్డ్ శెనగనూనె రోజువారీకి, ఒక అరలీటరు నువ్వుల నూనె పొడులకి, పచ్చళ్లకి. నన్నడిగితే నగరాల్లో ఉద్యోగాలు చేసే ఎక్కువ ఇళ్లకి ఇదే సరిపోయే దారి. బడ్జెట్ బిగువుగా ఉంటే రిఫైన్డ్ శెనగ, తవుడు నూనెలు నెల మార్చి నెల. పల్లీల అలెర్జీ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే గానుగ, ఫిల్టర్డ్ శెనగనూనెలు రెండూ వద్దు, అందులో ప్రొటీన్ అంశలు మిగిలి ఉంటాయి. గుండెజబ్బుకి మందులు వాడేవాళ్లు నూనె మార్చి మందులు ఆపాలనుకోవడం మాత్రం చాలా ప్రమాదం. నువ్వుల నూనె పుక్కిలిస్తే జబ్బులన్నీ పోతాయన్నదీ అంతే. నోటికి హాయిగా ఉంటే పుక్కిలించండి, తర్వాత బ్రష్ చేసుకోండి.

నువ్వులు ఆడించుకునేవాళ్లు చెక్కని గానుగ దగ్గర వదిలేయకండి. పొట్టు తీసిన నువ్వులదైతే అదే తెలగపిండి. మునగాకు, వెల్లుల్లి వేసి, రెండు చెంచాల నూనెతో పొడిపొడిగా వేయిస్తే ఆ పూటకి కూర అయిపోతుంది. మొన్న అత్తయ్య చేశారు. గుండె బొమ్మ డబ్బా తెచ్చే మా ఆయన రెండోసారి అడిగి వేయించుకున్నారు.